చక్రం చిట్లిన వేళ

భారత సంగ్రామంలో పదిహేడవ నాటి పోరులో కర్ణుని రథచక్రం నేలలో కుంగిపోయింది. తెలియక చేసిన ఒక అపరాధానికి విప్రుడొకడు ఇచ్చిన శాపమే అందుకు మూలమని ఇతిహాసం చెబుతున్నది. వీరుడు ఎంతటివాడైనా, విల్లు ఎంత గొప్పదైనా, రథం కదలనప్పుడు అవి అక్కరకు రాలేదు. ఆ కథ విన్న జాతి కనుకనేమో, చక్రం మోసగించినప్పుడు కారణాన్ని దైవంలో వెదకడం మనవారికి నేటికీ అలవాటుగానే ఉన్నది. రహదారిపై పోతున్న కారు టైరు పేలి నలుగురు మరణించారని పత్రికలో చదివినప్పుడు 'విధి వక్రించింది' అని నిట్టూర్చి పుట తిప్పివేస్తాం. అందులో విధి పాలు ఎంత, మనిషి పాలు ఎంత అని విచారించేవారు తక్కువ.

అటువంటి విచారణ ఒకటి న్యాయస్థానంలోనే జరిగింది. 2010 అక్టోబరులో పుణె నుండి ముంబయికి పోతున్న ఒక కారు వెనుక టైరు పేలి, వాహనం లోతైన గుంటలోకి దూసుకొనిపోయింది. అందులో ప్రయాణిస్తున్న 38 సంవత్సరాల ఉద్యోగి మరణించాడు. ఆయన సంపాదనపైనే ఆ కుటుంబమంతా ఆధారపడి ఉన్నది. మోటారు ప్రమాదాల ట్రిబ్యునలు ఆ కుటుంబానికి దాదాపు 1 కోటి 25 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని ఆదేశించింది. టైరు పేలడం దైవఘటన, దానికి ఎవరూ బాధ్యులు కారు, కనుక పరిహారం చెల్లించనవసరం లేదని బీమా సంస్థ పై న్యాయస్థానంలో వాదించింది. 2023లో బొంబాయి హైకోర్టు ఈ వాదాన్ని తోసిపుచ్చింది. మనిషి ప్రమేయం లేకుండా, ఊహకు అందకుండా ప్రకృతిలో సంభవించే విపత్తునే దైవఘటన అనాలి. టైరు పేలడం ఆ కోవలోనికి రాదు. అధిక వేగం, గాలి తక్కువగానో ఎక్కువగానో ఉండటం, వాడి వదిలిన టైర్లను తిరిగి వాడటం, ఉష్ణోగ్రత వంటి కారణాలు దాని వెనుక ఉంటాయి. బయలుదేరే ముందు టైర్లను పరీక్షించుకోవడం చోదకుని బాధ్యత. ఆ తీర్పు సారాంశం ఇది. దైవానికీ పురుషకారానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్న పాత ప్రశ్నకు మోటారు వాహనాల చట్టం పరిధిలో లభించిన సమాధానంగా దీనిని భావించవచ్చు.

టైరు ఎందుకు పేలుతుందో తెలియాలంటే అది బరువును ఎలా మోస్తున్నదో ముందుగా తెలియాలి. రబ్బరే బరువు మోస్తున్నదని చాలామంది అనుకొంటారు. నిజానికి మోసేది గాలి. రబ్బరు, దానిలో అల్లిన నూలు, ఉక్కుతీగలు ఆ గాలిని బంధించి ఉంచే సంచి మాత్రమే. గాలితో నిండిన చక్రానికి 1845లోనే రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లండు యువకుడు పేటెంటు పొందాడు. లోకం దానిని మరచిపోయింది. 1888లో బెల్‌ఫాస్టు నగరంలో పశువైద్యుడుగా ఉన్న జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడు చక్రాల బండి కుదుపులు తగ్గించడానికి చేసిన ప్రయత్నంతో అది మళ్లీ వెలుగు చూసింది. నాటి నుండి నేటి వరకు సూత్రం మారలేదు. పెట్రోలు బంకులో '32 పాయింట్లు' అని మనం చెప్పే మాటకు అర్థం, చదరపు అంగుళానికి 32 పౌండ్ల ఒత్తిడి అని. 1,200 కిలోల కారులో ఒక్కొక్క చక్రంపై ఇంచుమించు 300 కిలోల భారం పడుతుంది. లెక్క వేసి చూస్తే ఆ టైరు నేలను తాకే స్థలం అరచేయి కంటే పెద్దది కాదని తేలుతుంది. నాలుగు అరచేతులంత జాగాపై ఒక కుటుంబం ప్రాణాలు పెట్టుకొని గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్నదన్నమాట!

ఆ వేగంలో సాధారణమైన కారు చక్రం సెకనుకు దాదాపు పదిహేను మార్లు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ టైరులోని ప్రతి భాగమూ నేలను తాకినప్పుడు వంగి, పైకి లేచినప్పుడు సర్దుకొంటుంది. ఇనుపతీగను పదే పదే వంచితే వేడెక్కినట్లే రబ్బరు కూడా వేడెక్కుతుంది. గాలి తగినంత ఉన్నప్పుడు వంపు తక్కువ. పుట్టిన వేడి బయటి గాలికి ఆరిపోతుంది. గాలి తగ్గినప్పుడు టైరు పక్కగోడలు లోతుగా వంగుతాయి. వేడి పుట్టే వేగం ఆరే వేగాన్ని మించుతుంది. దానికి తోడు నలుగురు ఎక్కవలసిన బండిలో ఏడుగురు ఎక్కి, పైన సామాను కట్టి, మధ్యాహ్నపు ఎండలో ఆగకుండా పోతే లోపల రబ్బరుకూ ఉక్కుతీగల పొరకూ మధ్య ఉన్న అతుకు సడలుతుంది. చివరకు ఒక్క క్షణంలో పైపొర ఊడి వస్తుంది, లేదా పక్కగోడ చిరిగిపోతుంది. వినబడే చప్పుడు క్షణకాలానిదే కాని, దాని వెనుక గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి సాగిన నిర్లక్ష్యం ఉంటుంది. గుంతలో పడినప్పుడు, విభాగిని అంచుకు ఒరుసుకొన్నప్పుడు పక్కగోడలో తెగిన దారాలు పైకి కనబడవు; కొద్ది రోజుల తరువాత అక్కడ చిన్న ఉబ్బు తేలుతుంది. ఆ ఉబ్బు ఉన్న టైరుతో దూరప్రయాణం చేయడం సాహసం కాదు, అవివేకం.

ఈ విషయంలో అగ్రరాజ్యమైన అమెరికా కూడా పెద్ద మూల్యమే చెల్లించింది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ సంస్థ దాదాపు 65 లక్షల టైర్లను వెనుకకు పిలిపించుకొన్నది. వాటిలో అధికభాగం ఫోర్డ్ సంస్థవారి ఎక్స్‌ప్లోరర్ అనే ఎత్తైన వాహనాలకు అమర్చినవి. పరుగులో ఉండగా టైరు పైపొర ఊడిపోవడం, చోదకుడు అదుపు తప్పడం, వాహనం పల్టీలు కొట్టడం – ఈ క్రమంలో ఆ దేశంలో 270 మందికి పైగా మరణించారు. టైరు లోపభూయిష్టమని వాహన సంస్థ, వాహనమే లోపభూయిష్టమని టైరు సంస్థ పరస్పరం నిందించుకొన్నాయి. ఆ వాహనాలకు సూచించిన గాలి 26 పాయింట్లు మాత్రమే కావడం కూడా చర్చకు వచ్చింది. వివాదం ఎటు పోయినా ఒక మేలు జరిగింది. అదే సంవత్సరం అక్కడ ఒక చట్టం చేశారు. దాని ఫలితంగా టైరులో గాలి తగ్గగానే చోదకుని ముందు దీపం వెలిగించి హెచ్చరించే పరికరం 2007 సెప్టెంబరు నుండి ఆ దేశంలో తయారయ్యే కొత్త కార్లన్నింటికీ తప్పనిసరి అయింది. నేడు మన దేశంలోనూ అనేక కార్లలో ఆ పరికరం కనబడుతున్నది.

మన ప్రాంతంలో పాతుకొనిపోయిన ఒక భ్రమను ఇక్కడ ప్రస్తావించక తప్పదు. వేసవి రాగానే 'ఎండకు గాలి ఉబ్బి టైరు పేలుతుంది' అనే భయంతో నాలుగైదు పాయింట్ల గాలి తగ్గించి నడిపేవారు ఎందరో ఉన్నారు. వాయువును వేడిచేస్తే ఒత్తిడి పెరుగుతుందన్న మాట నిజమే. భౌతికశాస్త్రం చదివే విద్యార్థులకు ఆ సూత్రం సుపరిచితం. సాధారణమైన కారు టైరులో ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఒత్తిడి సుమారు ఒకటిన్నర పాయింట్లు పెరుగుతుంది. ఉదయం 30 డిగ్రీల వద్ద 32 పాయింట్లు ఉన్న టైరు, పరుగులో 60 డిగ్రీలకు వేడెక్కితే 37 పాయింట్ల దరిదాపులకు చేరుతుంది. టైరును తయారుచేసినవారు ఈ పెరుగుదలను ముందే లెక్కలోనికి తీసుకొన్నారు. దానిని తట్టుకొనే శక్తి టైరుకు ఉన్నది. గాలి తగ్గినందువల్ల కలిగే వంపును, ఆ వంపువల్ల పుట్టే వేడిని తట్టుకొనే శక్తి మాత్రం లేదు. అంటే వేసవిలో గాలి తగ్గించేవాడు ఏ ప్రమాదానికి భయపడుతున్నాడో దానికే ద్వారం తెరుస్తున్నాడు. గాలిని బండి చల్లగా ఉన్నప్పుడు, అంటే కనీసం మూడు గంటలపాటు కదలకుండా ఉన్నప్పుడు చూసుకోవాలి. ఎంత ఉండాలో చోదకుని తలుపు పక్కన అంటించిన చీటీపై ముద్రించి ఉంటుంది. నైట్రోజను నింపితే టైరు పేలనే పేలదని చెప్పే మాట కూడా పూర్తిగా నమ్మదగినది కాదు. మనం పీల్చే గాలిలోనే నూటికి 78 పాళ్లు నైట్రోజను ఉన్నది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకొన్నా రోడ్డుపై పడివున్న ఇనుపముక్క ఒకటి చాలు, టైరును చీల్చడానికి. కనుక ఆ క్షణంలో ఏమి చేయాలో తెలిసి ఉండటం అవసరం. హైదరాబాదు చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి వంటి మార్గంలో గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారును ఊహించుకొందాం. అది సెకనుకు 28 మీటర్ల దూరం పోతుంది. ఫిరంగి పేలినట్లు చప్పుడవుతుంది. ఏమి జరిగిందో మనస్సు గ్రహించేసరికే మూడు బస్సుల పొడవంత దూరం గడిచిపోతుంది. పేలింది ముందు టైరు అయితే బండి ఆ వైపునకు బలంగా లాగుతుంది. స్టీరింగు చేతిలో అదురుతుంది. వెనుక టైరు అయితే స్టీరింగులో అంత తేడా తెలియదు కాని, బండి వెనుకభాగం తోక ఊపినట్లు అటూ ఇటూ ఊగుతుంది.

చప్పుడు వినగానే కుడికాలు బ్రేకుపై పడుతుంది. ఇది అభ్యాసం వల్ల వచ్చిన గుణం, దానిని తప్పుపట్టలేం. అయితే టైరు పేలినప్పుడు ప్రాణాలు తీసేది ఎక్కువగా ఈ బ్రేకే. బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు వాలుతుంది. పేలింది ముందు టైరు అయితే ఆ బరువంతా నేలను పట్టుకొనే శక్తి లేని రిమ్ముపై పడుతుంది. పేలింది వెనుక టైరు అయితే అసలే పట్టు తప్పిన వెనుకభాగం మరింత తేలికై పక్కకు విసరుకొనిపోతుంది. మంచి చక్రాలు ఒక విధంగా, చెడిన చక్రం మరొక విధంగా వేగాన్ని కోల్పోవడంతో బండి బొంగరంలా తిరుగుతుంది. ఎత్తైన బండి అయితే పల్టీ కొడుతుంది. ఒక్కసారిగా స్టీరింగును పక్కకు తిప్పినా ఇదే గతి.

కనుక మొదటి పని రెండు చేతులతో స్టీరింగును గట్టిగా పట్టుకొని బండిని ఉన్న దారిలోనే నిటారుగా పోనివ్వడం. లాగుతున్న వైపునకు ఎదురుగా అవసరమైనంత మేరకే ఒత్తిడి పెట్టాలి. బ్రేకు జోలికి పోరాదు. యాక్సిలరేటరు మీది నుండి కాలిని హఠాత్తుగా తీయడం కూడా మంచిది కాదు. ఇది వినడానికి విడ్డూరంగా తోచవచ్చు. పేలిన చక్రం బండిని వెనుకకూ పక్కకూ ఈడుస్తున్నది. ఇంజను బండిని ముందుకు నెడుతున్నది. ఆ నెట్టుడు ఉన్నంతసేపు బండి నిటారుగా నిలుస్తుంది. అందువల్లనే మొదటి ఒకటి రెండు క్షణాలు యాక్సిలరేటరును అలాగే ఉంచి, లేదా ఏ కొంచెమో నొక్కి, బండి స్థిమితపడిందని తెలిసిన తరువాత కాలిని మెల్లమెల్లగా పైకి తీయాలని అనుభవజ్ఞులైన శిక్షకులు చెబుతారు. చిట్లిన టైరు ఈడ్పే బండికి సహజమైన బ్రేకుగా పనిచేస్తుంది. వేగం సగానికి తగ్గితే బండిలోని గతిశక్తి నాలుగవ వంతుకు తగ్గుతుంది. వేగం 50 కిలోమీటర్లకు లోపుగా పడిపోయిన తరువాత, వెనుక వచ్చేవారికి ఎడమవైపు సూచిక ఇచ్చి, మెల్లగా అంచుకు తీసుకొనిపోయి, చివరలో మాత్రమే బ్రేకును మృదువుగా తాకి ఆపాలి. రిమ్ము పాడవుతుందనే విచారంతో మెరక మీదనో మలుపులోనో ఆపరాదు, రిమ్ము కొనుక్కోవచ్చు.

ద్విచక్రవాహనాల విషయం మరింత సున్నితం. అక్కడ తప్పు సరిదిద్దుకోవడానికి రెండే చక్రాలు. హ్యాండిలును గట్టిగా పట్టుకొని, శరీరాన్ని నిటారుగా ఉంచి, యాక్సిలరేటరును క్రమంగా వదలాలి. చెడిన చక్రానికి బ్రేకు వేయరాదు. ముందు టైరు పోతే వెనుక బ్రేకును, వెనుక టైరు పోతే ముందు బ్రేకును, అదీ వేగం బాగా తగ్గిన తరువాత కొద్దికొద్దిగా వాడాలి. ముగ్గురు ఎక్కిన మోటారు సైకిలుపై ఈ సూత్రాలేవీ పనిచేయవు; మూడవవాని బరువు ఆ వెనుక టైరుపైనే పడి దానిని ముందే సగం చంపివేసి ఉంటుంది.

విద్యార్థులలో చాలామంది చోదకులు కారు, ప్రయాణికులు. వారికీ ఇందులో పాత్ర ఉన్నది. కర్ణునికి సారథి అయిన శల్యుడు యుద్ధం నడుమ నిరుత్సాహపు మాటలతో అతని ధైర్యాన్ని దిగజార్చాడు. 'శల్యసారథ్యం' అనే జాతీయం అలా పుట్టింది. టైరు పేలినప్పుడు పక్కసీటులో కూర్చొని 'బ్రేకు! బ్రేకు!' అని కేకలు వేయడం, చోదకుని భుజం పట్టుకోవడం, స్టీరింగుపై చేయి వేయడం ఈ కాలపు శల్యసారథ్యమే. మౌనంగా ఉండటమే అప్పుడు చేయగల సాయం. వెనుక సీటులో కూర్చొన్నవారు కూడా బెల్టు పెట్టుకొని ఉండటం ఆ మౌనం కంటే ముఖ్యం. బండి పల్టీ కొట్టినప్పుడు బెల్టు లేనివారు కిటికీల గుండా బయటకు విసరివేయబడతారు.

బండి ఆగినంతమాత్రాన గండం గడిచినట్లు కాదు. కుంగిన చక్రాన్ని ఎత్తడానికి రథం దిగి, వింటిని విడిచి, వంగి నిలిచినప్పుడే కదా అర్జునుని బాణం కర్ణుని తాకింది! నేటి రహదారులపై బాణాల స్థానంలో లారీలు ఉన్నవి. దారి పక్కన వంగి టైరు మార్చుకొంటున్నవారిని వెనుక నుండి వచ్చిన వాహనం ఢీకొన్న వార్తలు తరచుగా చదువుతూనే ఉన్నాం. అందువల్ల నాలుగు వైపులా మినుకుమినుకుమనే ప్రమాద సూచికలను వెంటనే వెలిగించాలి. ప్రయాణికులు ఎడమ తలుపుల నుండి దిగి, రోడ్డు అంచున ఉండే ఇనుప కంచెకు ఆవల నిలబడాలి. బండిలోనో, బండి వెనుకనో ఉండరాదు. ఎర్రని త్రికోణపు హెచ్చరిక ఫలకాన్ని వెనుక కనీసం 50 మీటర్ల దూరంలో, రాత్రివేళ అయితే ఇంకా దూరంగా ఉంచాలి. జాతీయ రహదారిపై అయితే 1033 సంఖ్యకు ఫోను చేస్తే సాయం అందుతుంది. ఎవరికైనా గాయాలైతే 108 ఉండనే ఉన్నది. వాహనాల రాకపోకలవైపు ఉన్న చక్రాన్ని వేగమార్గంలో స్వయంగా మార్చే ప్రయత్నం చేయకుండా సాయం కొరకు వేచి ఉండటమే ఉత్తమం. మార్చక తప్పని చోట చదునైన గట్టినేల చూసుకొని, జాకీతో పైకి ఎత్తడానికి ముందే చక్రపు నట్లను కొద్దిగా వదులు చేసుకోవాలి. గాలిలో లేచిన చక్రం నట్టుతోపాటు తానూ తిరుగుతుంది కనుక అప్పుడు అవి ఊడిరావు.

అదనపు చక్రాన్ని మనవారు 'స్టెప్నీ' అంటారు. ఈ మాట ఏ నిఘంటువు నుండి వచ్చిందో ఆలోచించినవారు అరుదు. 1904 ప్రాంతంలో వేల్స్ దేశంలోని లనెల్లి పట్టణంలో, స్టెప్నీ వీధిలో ఉన్న ఇద్దరు సోదరుల దుకాణంలో ఈ అదనపు చక్రం రూపొందింది. పుట్టిన దేశంలో ఆ పేరు దాదాపు మరుగున పడింది. మన మెకానిక్కుల నోట మాత్రం నూరేళ్లుగా బతికి ఉన్నది. గాలి ఒత్తిడిని కనిపెట్టి చెప్పే పరికరము, మరమ్మతు సామగ్రి, ట్యూబులేని టైర్లు ఉన్న చిన్న వాహనాలకు స్టెప్నీ లేకున్నా ఫరవాలేదని 2020లో కేంద్రప్రభుత్వం నిబంధనలను సవరించింది. మరికొన్ని కార్లలో అసలు చక్రం కంటే సన్నని స్టెప్నీ ఇస్తున్నారు. దానిపై సాధారణంగా గంటకు 80 కిలోమీటర్లు అనే హద్దు రాసి ఉంటుంది. అది పంక్చరు షాపు దాకా చేర్చడానికే కాని తిరుపతి దాకా పోవడానికి కాదు.

టైరు తన చరిత్రను తన ఒంటిమీదనే రాసుకొని ఉంటుంది. పక్కగోడపై చిన్న చట్రంలో కనబడే నాలుగు అంకెలలో మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గిన కారు టైరు వాడకానికి పనికిరాదు. గాడుల అడుగున అడ్డంగా ఉండే చిన్న గట్లు పైపొరతో సమానమైతే ఆ హద్దు వచ్చినట్లే. గాడులు నిండుగా ఉన్నా రబ్బరుకు వయస్సు ఉంటుంది. అయిదేళ్లు దాటిన టైరును ఏటా నిపుణునికి చూపాలని, పదేళ్లు దాటినదానిని చూడటానికి ఎంత కొత్తగా ఉన్నా తీసివేయాలని అనేక తయారీదారులు సూచిస్తున్నారు. డిక్కీలో ఎన్నడూ వెలుగు చూడని స్టెప్నీకి కూడా ఈ లెక్క వర్తిస్తుంది. నాలుగు టైర్లలో గాలి చూపించుకొనేవారు దానిని మాత్రం అక్కడే వదిలివేస్తారు. అవసరమైన రోజున బయటకు తీస్తే అది కూడా గాలి లేక చప్పగా పడి ఉంటుంది.